మా పేరంటాలు పేరు

కుదురుగా కూర్చోవడం నా జాతకంలో లేదు. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ మా సూపరింటెండెంటు నన్ను కాలుగాలిన పిల్లి అనేవాడు. చాటుగానే అనేవాడు గానీ ఆ ఆఫీసులో చాటు ఎక్కడుంది, నాకు వినపడేది. అలాంటి నేను రిటైరయ్యాక ఒక యూనివర్సిటీ ఆర్కైవులో, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేదీ వినపడని గదిలో, వారాల తరబడి కూర్చున్నాను. అదంతా మా మేనత్త కోసం.

మా మేనత్తకు ఎనభై దాటాయి. మా నాన్నకు అక్క. నకరికల్లులో కొడుకు దగ్గర ఉంటుంది. పోయిన వేసవిలో పంచలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమే, నేను పోయేలోపల మన పేరంటాలు పేరేందో కనుక్కోవే. రేపు పైన ఎదురుపడితే ఏమని పిలవాల?"

"పైన ఎదురుపడితే ఆమే పిలుస్తుందిలే అత్తా, నువ్వు ముందు మందులేసుకో" అన్నాను.

"ఎకసెక్కాలొద్దు. నువ్వు ఆఫీసుల్లో నలిగినదానివి. కనుక్కో."

ఇంట్లో పెళ్ళి కాకుండానో, పసుపుకుంకాలతోనో అర్ధాంతరంగా పోయిన ఆడమనిషిని దేవతను చేసి కొలుచుకుంటే ఆమె పేరంటాలు. మా ఇంట్లో పెళ్ళి అనుకోగానే ముందు ఆమెకు చీర పెట్టాలి, ఆ తర్వాతే పసుపు దంచాలి. పెట్టిన చీర ఇంటి ఆడపడుచు కట్టుకోవాలి. మా పేరంటాలుకు వంకాయరంగు చీర, నువ్వుల చిమ్మిలి. ఇంకో రంగు, ఇంకో పిండివంట పనికిరావు. మామ ఉన్నన్నాళ్ళూ ఆ చీరలు అత్త కట్టుకుంది. మామ పోయాక నా పాలబడ్డాయి. వంకాయరంగు నాకు బొత్తిగా నప్పదు, కట్టుకుంటే నాలుగు రోజులు పస్తున్నదానిలా ఉంటాను. ఆ మాట అంటే మా అమ్మ లెంపలేసుకోమనేది.

ఇంతకీ ఆమె మా తాతకు అక్క. నరసరావుపేట బజారులో మా ముత్తాతకు కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక బావి. పెళ్ళి కుదిరిన పిల్ల మీద ఎవడో నింద వేశాడట. ఇంటి పరువు కోసం తెల్లవారుజామున వెళ్ళి బావిలో దూకిందట. గట్టు మీద ఆమె వెండి కడియాలు దొరికాయి గానీ శవం తేలలేదు. చిన్నప్పుడు నేను "మరి శవమేదీ?" అని అడిగి మా నాయనమ్మ చేత చెంపదెబ్బ తిన్నాను. దేవతలకు శవాలుండవట. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. పేరంటాలును పేరు పెట్టి తలిస్తే ఇంటికి కీడని ఆమె కన్నతల్లే, అంటే మా ముత్తవ్వే, కట్టడి చేసిందట. ఆ పేరు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. తెలియనివాళ్ళం చిమ్మిలి చుట్టుకుంటూ మిగిలాం.

అత్తకు ఈ పేరు బెంగ ఎందుకో నాకు తెలుసుననే అనుకున్నాను. మామ దినవారాలు అయిన మర్నాడు, వంటింట్లో గిన్నెలు సర్దుతూ, ఒకే ఒక్కసారి చెప్పింది. పంతొమ్మిదేళ్ళప్పుడు అత్త బజారు చివర రేడియోలు బాగుచేసే సాయిబుల అబ్బాయిని ఇష్టపడింది. అతనూ ఇష్టపడ్డాడు. గుంటూరు వెళ్ళిపోదామనుకున్నారు. సంగతి తాతకు తెలిసింది. కొట్టలేదు, తిట్టలేదు. పేరంటాలు గూటి ముందు కూతుర్ని కూర్చోబెట్టి తన అక్క కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. "ఈ ఇంటి కోసం ప్రాణం పెట్టిన మడిసి మా అక్క. ఇంక నీ ఇష్టం" అన్నాడు. అత్త మానుకుంది. నకరికల్లు సంబంధం చేసుకుంది. "మీ మామ మంచోడేలే, నాకేం లోటు చేయలా" అని కూడా అంది, గిన్నె తుడుస్తూ. ఒక మనిషి కథ విని బతుకు మళ్ళించుకున్నప్పుడు ఆ మనిషి పేరన్నా తెలియాలి గదా. ఆ మాట అత్త అనలేదు, నేనే అనుకున్నాను.

మా తమ్ముడి కూతురి పెళ్ళి మాఘమాసంలో పెట్టారు. దానికీ చీర పెట్టాలి. ఈలోగా పేరు పట్టుకొచ్చి అత్త చెవిలో వేయాలని బయలుదేరాను. మునిసిపాలిటీ అయింది, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు అయింది. మా గోత్రాలూ వంశావళీ చెప్పి సంభావన పుచ్చుకునే పెద్దాయన దగ్గరికీ వెళ్ళాను. ఏడు తరాల మగవాళ్ళ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "వాళ్ళను కన్నవాళ్ళ పేర్లో?" అంటే "ఆడోళ్ళవి మాకుండవమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఆయన్ని అని ఏం లాభం.

చివరికి ఎవరో చెబితే యూనివర్సిటీకి వెళ్ళాను. బ్యాగు బయట పెట్టాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. కావలసింది స్లిప్పు మీద రాసిస్తే ఒక కట్ట తెచ్చిస్తారు, అది తిరిగిచ్చాక ఇంకో కట్ట. అక్కడ కూర్చునే మేడమ్ వయసులో నాకంటే చిన్నది, చూపులో మా సూపరింటెండెంటుకు అక్క. నేను కుర్చీ జరిపినా చూసేది, మంచినీళ్ళకు లేచినా చూసేది. చుట్టూ పీహెచ్‌డీ పిల్లలు తలలు వంచుకుని బొమ్మల్లా చదువుకునేవాళ్ళు. నాకు మోకాళ్ళు ఊగిపోతుండేవి. పాత పత్రికలు తిప్పాను, ఊరి లెక్కలు తిప్పాను, బజారు తగాదాలు తిప్పాను. అన్ని కట్టల్లో మా ముత్తాత ఒక్కచోట కనపడ్డాడు, కొట్టు పందిరి బజారులోకి జరిపినందుకు జరిమానా కడుతూ. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇంక రేపట్నుంచి రాకూడదనుకుంటూ రోజూ వచ్చేదాన్ని.

ఒకరోజు విసుగొచ్చి కేటలాగు వెనక పేజీలు తిప్పుతుంటే 'స్త్రీల పాటలు, పల్నాడు' అని కనపడింది. ఎప్పుడో ఒక పరిశోధక విద్యార్థిని ఊరూరా తిరిగి రికార్డు చేసిన క్యాసెట్లు. ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కించారు. హెడ్‌ఫోను పెట్టుకుని వినొచ్చు, కాపీ మాత్రం ఇవ్వరు. పేరంటాళ్ళ మీద పాటలుంటాయి, పాటలో పేరుంటుందేమోనని ఆశ. దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, మధ్యలో కోడి కూతలు, ఎవరో పిల్లను కసరడం, అన్నీ విన్నాను. చెవులు చెమటలు పట్టేవి. పేరంటాళ్ళు చాలామందే వచ్చారు, మా ఆమె రాలేదు.

రెంటచింతల టేపు దాదాపు చివర్లో విన్నాను. అక్కడ క్రైస్తవ కుటుంబాలే ఎక్కువ గదా, పేరంటాలు పాట ఏముంటుందిలే అని వదిలేయబోయి, వదిలేస్తే రాత్రి నిద్రపట్టదని పెట్టుకున్నాను.

"పేరంటాలు పాట ఏదన్నా వచ్చా అవ్వా?" అని అడుగుతోంది ఆ అమ్మాయి.

ముసలి గొంతు పకపకా నవ్వింది. "పాటెందుకు అమ్మాయ్, పేరంటాలునే నేను."

నేను కుర్చీలోంచి ముందుకు వంగాను.

"మాది నరసరావుపేట. మా నాయనకు బజార్లో కొట్టు. ఈ ఊరాయన మిరపకాయల బండి తోలుకొచ్చేవోడు మా కొట్టుకి. ఆయనకు మాటలు రావు, అన్నీ నేనే మాట్లాడేదాన్ని. నాకేమో రెండో పెళ్ళోడితో సంబంధం కుదిర్చారు. మా అమ్మకు చెప్పేశా, పోతానమ్మా అని. ఏడుస్తది, కొడతది అనుకున్నా. కడియాలు తీసియ్యమంది. ఇచ్చా. బావి గట్టున పెట్టింది మా అమ్మే. ఇంక నిన్నెవురూ ఎతకరు, పో అంది."

తర్వాత తన పేరు చెప్పింది. పుట్టింట్లో పెట్టిన పేరు, చర్చిలో పెట్టిన పేరు, రెండూ. అవి ఇక్కడ రాయను.

"మరి నిన్ను దేవతను చేశారని ఎట్లా తెలిసింది అవ్వా?"

"మా అమ్మ పోతా పోతా మా తమ్ముడికి చెప్పిందంట. కర్మ కాంగానే ఎతుక్కుంటా వచ్చాడు. నేను కోళ్ళకు నూకలేస్తన్నా. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాడు. అప్పట్నించి ఏటా వస్తానే ఉన్నాడు, మిరపకాయల బేరమని ఇంట్లో చెప్పి. ఆడే చెప్పాడు, నీకు చీరలు పెడతన్నామక్కా, వంకాయరంగు చీర, చిమ్మిలీ అని. ఎవురు కట్టుకుంటున్నార్రా అంటే మా అమ్మాయక్కా అన్నాడు. ఒక్కటన్నా ఇటు తెచ్చియ్యవంట్రా అన్నా. నేనేమో చర్చికి పోయేదాన్ని, ఆళ్ళింట్లో దేవతనంట! ఫాదరుగారికి చెప్తే పడీపడీ నవ్వాడు."

"సుఖంగా ఉన్నావా అవ్వా?"

"సుఖమేంది అమ్మాయ్. మిరపతోటల్లో నడుములు ఇరిగినాయి. ఇద్దరు పిల్లలు చేతుల్లో పోయారు. అయితే మాత్రం ఏంది, నేను కోరుకున్న కష్టమే గదా."

హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి బయటికి నడిచాను. మేడమ్ ఏదో అంటోంది, వినలేదు. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. మొదట నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను. చావని మనిషికి తరతరాలుగా చీరలు పెట్టి దణ్ణాలు పెట్టుకున్నాం. మా ముత్తవ్వ ఎంత గడుసుదో! పేరెత్తితే కీడని ఎందుకు కట్టడి చేసిందో అప్పుడు అర్థమైంది. పేరు ఊరిలో తిరగకుండా ఉంటేనే కూతురు రెంటచింతలలో నెమ్మదిగా బతుకుతుంది. అక్కడ కాలు నిలిచిపోయింది. ముత్తవ్వ పోయేనాటికి అత్త పాలపళ్ళ పిల్ల. అక్క బతికుందని తాతకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, పంతొమ్మిదేళ్ళ కూతుర్ని కూర్చోబెట్టి, బావిలో దూకి చచ్చిన అక్క కథ చెప్పాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. తాత ఫోటో అక్కడ ఉంటే దండతో సహా కిందపడేసేదాన్ని.

తమ్ముడికి ఫోను చేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని వాడెప్పుడూ అంటాడు, వాడి మాట నిలబెట్టాను.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకో. పెళ్ళి ముందు ఇదేంది? మగపెళ్ళోళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారు?"

"దేవత బతికి బట్టకట్టిందని సంతోషిస్తారు. ఏందిరా తప్పు?"

"పోనీ నా మాట వదిలెయ్. అత్తకు మాత్రం చెప్పమాక. ఈ వయసులో తట్టుకుంటదా? ఆలోచించు."

వాడితో పోట్లాడటం నాకు అలవాటే గానీ ఆ చివరి మాట వినగానే ఫోను పెట్టేశాను. అత్త బతుకంతా ఆ కథ మీద నిలబెట్టుకుంది. పోయే ముందు ఆ కథ లాగేస్తే ఏం మిగులుతుంది? చెప్పకపోతే మాత్రం? తాత ఒకసారి మోసం చేశాడు, నేను రెండోసారి చేసినట్టు గదా. ఇంట్లో నిలవలేకపోయాను. అటకలు దులిపాను, దులిపినవే మళ్ళీ దులిపాను. ఉద్యోగం రోజుల్లో మాచర్ల నుంచి పేటకు వచ్చే బస్సు రెంటచింతలలో ఆగేది. ఆ ఎండలకు తట్టుకోలేక దిగి సోడా తాగేదాన్ని. ఎక్కే జనాన్ని "జరగండమ్మా" అని కసురుకునేదాన్ని. వాళ్ళల్లో ఆమె మనవలుంటారు, మనవరాళ్ళుంటారు. ఆమె కూడా ఎప్పుడన్నా ఎక్కిందేమో. ఇదే తలపోస్తూ అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని.

చివరికి సగం చెబుదామనుకుని నకరికల్లు వెళ్ళాను. పేరు ఒక్కటీ చెప్పి వచ్చేయాలి. అత్త అప్పటికి వాకరు పట్టుకుని నడుస్తోంది. నా ముఖం చూడగానే ఆగింది.

"దొరికిందా?"

"దొరికింది" అని పేరు చెప్పాను, చర్చి పేరు కాకుండా మొదటిది. అత్త ఆ పేరు రెండుసార్లు మెల్లగా అనుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"చానా బాగుందే పేరు. ఎట్టా దొరికింది?"

"పాత టేపుల్లో. ఎవరో రికార్డు చేసి పెట్టారు."

"అందులో ఎవురు చెప్పారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎవరో ముసలావిడ అంటే సరిపోయేది. అత్త నా వంక చూస్తోంది, అనలేకపోయాను.

"ఆమే చెప్పింది అత్తా. ఆమె గొంతే."

అత్త వాకరు వదిలి మంచం మీద కూర్చుంది. చచ్చినామె టేపులో ఎట్లా మాట్లాడిందని అడగలేదు. "నన్ను తీసకపో" అంది. ఎక్కడికి అని నేనూ అడగలేదు.

మర్నాడే కారు మాట్లాడుకుని తీసుకెళ్ళాను. దారిలో చెప్పేద్దామని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. "నువ్వు చెప్పమాక, నేనే వింటా" అంది. ఆర్కైవులో మేడమ్ అత్తను చూసి లేచి కుర్చీ తెచ్చి వేసింది. కొంగు మీదుగా హెడ్‌ఫోను పెట్టి, టేపు నడిపించి, నేను పక్కన నిలబడ్డాను. నాకేమీ వినపడదు. అత్త ముఖం చూస్తూ ఇప్పుడు ఇది అయి ఉంటుంది, ఇప్పుడు అది అయి ఉంటుందని లెక్కవేసుకోవడమే. ముందు నొసలు ముడిపడ్డాయి. తర్వాత ఒక్కసారిగా గదంతా మోగేలా "మా నాయనమ్మ నవ్వేనే ఇది!" అని అరిచింది. చెవులు మూసుకుని ఉన్నవాళ్ళకు తమ గొంతు తెలియదు గదా. పీహెచ్‌డీ పిల్లలందరూ తలలెత్తారు. మేడమ్ లేవబోయి కూర్చుంది. కడియాల దగ్గర కాబోలు, అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోళ్ళకు నూకలు వేసే చోట అనుకుంటాను, ఆ చెయ్యి కిందికి జారింది. ఆ తర్వాత ముఖంలో ఏమీ లేదు.

అయ్యాక హెడ్‌ఫోను తీయనివ్వలేదు. "తమ్ముడు ఎప్పుడొచ్చాడని చెప్పిందో ఆ ముక్క మళ్ళా పెట్టు" అంది. పెట్టాను. విని, తనే తీసి నా చేతికిచ్చింది.

ఫిరంగిపురం దాటేదాకా నేను ఏసీ తగ్గించమన్నాను, పెంచమన్నాను, డ్రైవరు విసుక్కున్నాడు.

"మా నాయనమ్మ పోయినప్పుడు నాకు పాలపళ్ళు గూడా ఊడలేదే" అంది అత్త.

"అవునత్తా."

"అంటే నాకు కథ చెప్పేనాటికి మా నాయన రెంటచింతల పోయొస్తానే ఉన్నాడు."

"పోయొస్తూనే ఉన్నాడు. అసలు తాతను..." అని మొదలుపెట్టాను. వరండాలో తిరుగుతూ కూడబెట్టుకున్న తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"నువ్వాగు. నీకు ఒకటి చెప్పలా నేను. కథ చెప్తా చెప్తా మా నాయన ఏడ్చాడే. పట్టపగలు కొట్టు మూసి, తలుపేసొచ్చి, నా ముందు కూసోని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన కంట్లో నీళ్ళు నేనెప్పుడూ చూళ్ళా. ఇంటి పరువంటే ఆ వయసులో నాకేం పట్టుద్ది? ఎప్పుడో పోయిన అక్క కోసం ఇన్నేళ్ళకు గూడా ఇంత ఏడుస్తన్నాడే, నేను గూడా పోతే ఈయనేమైపోతాడో అనుకున్నా. దానికి మానుకున్నా. పేరంటాలు కోసం కాదు."

నేను అత్త చెయ్యి పట్టుకున్నాను.

"అక్క బతికే ఉంది గదా. ఏటా చూసొస్తన్నాడు గదా. మరి ఆ ఏడుపు ఏందే? నన్ను ఆపడానికి ఏడ్చాడా, నాకు అబద్ధం చెప్తన్నానని ఏడ్చాడా? నువ్వు చదువుకున్నావుగా, చెప్పు."

అత్త నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.